డాక్టరు తప్పితే తానూ తప్పే యంత్రం

కోతల కాలంలో గుడివాడ చుట్టుపక్కల ఏ కళ్లం దగ్గరైనా ఒక తగువు ఏటా ఉండేదే. మిల్లు తరఫు మనిషి బస్తాలోంచి గుప్పెడు గింజలు తీస్తాడు. అరచేతిలో నలిపి పొట్టు ఊదేస్తాడు. ఒక గింజ పంటికింద పెట్టి కొరుకుతాడు. టక్కుమనకపోతే "ఇంకా పచ్చే" అంటాడు. "నాలుగు ఎండలు కాచాయండీ, ఇంకెక్కడి పచ్చి" అంటాడు రైతు. చివరికి తేమ మీటరు వస్తుంది. సర్కారు పెట్టిన హద్దు 17 శాతం. మీటరు మీద అంకె పడ్డాక ఇక పంటి మాట చెల్లదు.

ఈ ఉపన్యాసంలో చెప్పుకోబోయే యంత్రం ఆ మీటరుకు తలకిందులు. పంటి తీర్పును పక్కకు నెట్టడం దాని పని కాదు, అచ్చం ఆ పన్నులాగే తీర్పు చెప్పడం దాని పని. కొరికేవాడికి ఏ గింజ దగ్గర అనుమానం వస్తుందో అక్కడ దీనికీ రావాలి. వాడు ఎక్కడ మోసపోతాడో ఇదీ అక్కడే మోసపోవాలి. గుండె స్కాన్ బొమ్మలు ఎంత బాగా వచ్చాయో తేల్చడానికి, డాక్టరు కంటికి బదులుగా కూర్చోబెట్టే కంప్యూటరు లెక్క ఇది. ఆ రంగంలో దీన్ని మోడల్ అబ్జర్వర్ అంటారు. ఇక్కడ 'లెక్క కన్ను' అంటే సరిపోతుంది.

కల్యంపూడి రాధాకృష్ణారావు గారిని తలుచుకునే సభలో గుండె స్కాన్ ఊసు దేనికని ఎవరికైనా అనిపించవచ్చు. రావు గారు గణాంక శాస్త్రవేత్త, స్కాన్ గదితో ఆయనకు పనిలేదు. కానీ ఈ లెక్క కంటిని విప్పి చూస్తే, లోపల నడిచేది ఆయన పాతికేళ్ల వయసులో ఎముకల మీద చేసిన లెక్కకు సొంత తమ్ముడు. ఆ చుట్టరికం చెప్పాలంటే ముందు మనిషి సంగతి కొంత చెప్పుకోవాలి.

1920 సెప్టెంబరు 10న, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న హడగలిలో, ఒక తెలుగు ఇంట ఆయన పుట్టారు. పదిమంది పిల్లల్లో ఎనిమిదోవాడు. దేవకీదేవికి ఎనిమిదో సంతానం కృష్ణుడు కాబట్టి ఈయన రాధాకృష్ణుడయ్యాడు. తండ్రిది పోలీసు శాఖలో బదిలీల ఉద్యోగం. అందుకే చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం అంటూ ఊళ్లు పట్టుకు తిరిగింది. గుడివాడలో బస్సెక్కి హనుమాన్ జంక్షన్ దాటితే నూజివీడే కదా. ఆ లెక్కన రావు గారు ఉమ్మడి కృష్ణా జిల్లా బడిలో పలక పట్టిన మనిషి. తల్లి లక్ష్మీకాంతమ్మ గారు తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారట. పెద్దయ్యాక తన పుస్తకాన్ని అంకితమిస్తూ ఆ సంగతే రాసుకున్నారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల ఎం.ఏ. అయ్యాక యుద్ధకాలంలో ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ పరిచయమైన ఒకతని వెంట ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ చూడటానికి వెళ్లి, 1941లో అక్కడే చేరిపోయారు. 1946లో ఆ సంస్థ ఆయన్ని కేంబ్రిడ్జి పంపింది. అక్కడి పురావస్తు, మానవశాస్త్ర మ్యూజియంలో సూడాన్ దేశపు జెబెల్ మోయా నుంచి తవ్వి తెచ్చిన ఎముకలు గుట్టలుగా ఉన్నాయి. వాటిని కొలిచి, ఆ మనుషులు ఏ జాతులవాళ్లకు దగ్గరో చెప్పడం పని. పీహెచ్‌డీ గురువు ఆర్.ఎ. ఫిషర్.

కొలవడం కష్టం కాదు, కొలిచాక 'దూరం' అంటే ఏమిటన్నదే చిక్కు. ఒక గుంపు పుర్రెలు ఇంకో గుంపు కంటే సగటున అర సెంటీమీటరు వెడల్పు ఉన్నాయనుకుందాం. అది పెద్ద తేడాయేనా? ఒకే గుంపులో పుర్రెలు మామూలుగా ఎంత అటూ ఇటూ ఉంటాయో తెలిస్తే తప్ప చెప్పలేం. పైగా పొడవు పెరిగినచోట వెడల్పూ పెరుగుతుంది. రెండింటినీ విడివిడిగా కలిపేస్తే ఒకే తేడాను రెండుసార్లు లెక్కేసినట్టు. ఈ రెండు చిక్కులనూ ఒకే సూత్రంలో విప్పినవాడు గణాంకవేత్త మహలనోబిస్, 1936లో. గుంపుల సగటుల మధ్య ఉన్న తేడాను, గుంపు లోపలి సహజమైన అటూఇటుతో తూచి చెప్పే దూరం అది. రావు గారు దాన్ని పట్టుకుని ముందుకు పోయారు. రెండు గుంపులకే పనికొచ్చిన ఫిషర్ విభజన పద్ధతిని 1948లో ఎన్ని గుంపులకైనా విస్తరించారు. కొత్తగా ఇంకో కొలత చేరిస్తే నిజంగా కొత్త సమాచారం వస్తుందా, లేక పాత సమాచారమే వేరే చొక్కా తొడుక్కుని వస్తుందా అని తేల్చే పరీక్ష కట్టారు. ఈ రెండో ప్రశ్న మళ్లీ వస్తుంది.

ఇక గుండె దగ్గరికి.

గుడివాడకు గుండె జబ్బు కబురు కొత్త కాదు. ఇక్కడి కాలేజీకి పేరైన అక్కినేని నాగేశ్వరరావు, రామాపురం బిడ్డ, 1974లో అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చి ఆ తర్వాత మరో నలభై ఏళ్లు బతికారు. 2014లో ఆయన్ని తీసుకుపోయింది గుండె కాదు, కేన్సర్. కొల్లేరు అవతల గోదావరి జిల్లాల్లో 2003-04లో 45 పల్లెల మరణాలను ఏడాదిపాటు ఇల్లిల్లూ తిరిగి నమోదు చేశారు. 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటువ్యాధులది 12 శాతం. పల్లెటూళ్లలో కలరాలూ విషజ్వరాలూ తప్ప గుండెపోట్లు ఎక్కడివి అనుకునే కాలం అప్పటికే పోయింది.

అవనిగడ్డ నుంచో మచిలీపట్నం నుంచో ఛాతీ పట్టేసినట్టుందని పెద్దాసుపత్రికి వెళ్లిన మనిషికి డాక్టరు 'స్ట్రెస్ థాలియం' రాస్తాడు. పేరు పాతదే మిగిలింది కానీ, ఇప్పుడు ఎక్కువగా ఎక్కించేది థాలియం కాదు, టెక్నీషియం. అక్కినేని ఆపరేషన్ నాటికి థాలియం స్కాన్ అప్పుడప్పుడే కళ్లు తెరుస్తోంది. టెక్నీషియం సంగతి పాడి ఉన్నవాళ్లకు నచ్చుతుంది. దాని సగాయువు ఆరు గంటలు. పొద్దున ఉన్నది మధ్యాహ్నానికి సగం. అలాంటి సరుకును ఊరి నుంచి ఊరికి మోసుకురాలేరు. అందుకని 66 గంటల సగాయువున్న మాలిబ్డినంను ఒక పెట్టెలో తెచ్చిపెట్టుకుని, అందులోంచి పుట్టే టెక్నీషియంను రోజూ పొద్దున్నే బయటికి తీసుకుంటారు. ఆ పెట్టెను 'ఆవు' అనీ, తీయడాన్ని 'పితకడం' అనీ ప్రపంచమంతా అంటారు. వారానికి ఆవు వట్టిపోతుంది, కొత్తది తెప్పించుకోవాలి.

ముందురోజు నుంచి కాఫీ, టీ బంద్. ట్రెడ్‌మిల్ మీద నడిపించి, గుండె వేగం అందుకోవాల్సిన చోటికి రాగానే చేతి నరంలోకి కిరణాలు చిమ్మే ఈ టెక్నీషియం మందు ఎక్కిస్తారు. రక్తం బాగా అందిన కండరంలో మందు ఎక్కువ దిగుతుంది, అందని చోట తక్కువ. తర్వాత కొవ్వున్న టిఫినో గ్లాసుడు పాలో ఇచ్చి ముప్పావుగంట, గంట కూర్చోబెడతారు. కాలేయంలోనూ పిత్తాశయంలోనూ చేరిన మందు దిగిపోకపోతే అది పక్కనే ఉన్న గుండె అడుగు గోడ మీద వెలుగు చిమ్ముతుంది. ఆ తర్వాత బల్ల మీద వెల్లకిలా, చేతులు తలపైకి. కెమెరా కుడి భుజం ముందు నుంచి ఎడమ వీపు దాకా సగం చుట్టు తిరుగుతుంది. పావుగంట, ఇరవై నిమిషాలు కదలకూడదు. దగ్గొస్తే కంగారే. ఇదే తంతు శ్రమ లేకుండా ఇంకోసారి.

తెర మీద కనిపించేవి గారెలు. నిజంగానే. ఎడమ జఠరికను అడ్డంగా కోసిన ముక్కలు వరసలుగా, పైన శ్రమ వరస, కింద విశ్రాంతి వరస. పిండి ఉన్నచోట గుండె కండరం, చిల్లు ఉన్నచోట రక్తం నిండే గది. నిండుగా, సమంగా వేగిన గారె అయితే మంచిది. పై వరసలో ఒక పక్క కొరికినట్టుండి, కింద వరసలో నిండుగా ఉంటే శ్రమపడ్డప్పుడు మాత్రమే అక్కడికి రక్తం చాలడం లేదని. రెండు వరసల్లోనూ కొరికి ఉంటే పాత గుండెపోటు మచ్చ కావచ్చు.

చెప్పినంత తేలిక కాదు. గడియారంలో ఆరు ఉండే చోట గారె అంచు కాస్త మసకగా ఉంది. రోగికి పొట్ట ఉంది. ఆ మసక జబ్బా, లేక పొట్ట పైకి నెట్టిన డయాఫ్రమ్ కిరణాలను మింగేయడమా? ఆడవాళ్లలో ఇదే అనుమానం ముందు గోడ మీద, రొమ్ము కణజాలం వల్ల. కొన్నిచోట్ల రోగిని బోర్లా పడుకోబెట్టి మళ్లీ తీస్తారు. మసక మాయమైతే డయాఫ్రమ్ మీద నేరం ఖాయం. పైగా బొమ్మ మొత్తం 64 అడ్డం, 64 నిలువు చుక్కలు. ఫోన్‌లో పెళ్లి ఫొటోలు చూసే కంటికి ఇది బొమ్మే కాదు. కెమెరాను చేరే కిరణాలు కొద్ది, అవీ చినుకుల్లా ఇష్టమొచ్చినట్టు పడతాయి. మందు మోతాదు సగానికి తగ్గిస్తే సందడి, అంటే బొమ్మలోని గరుకు, 41 శాతం పెరుగుతుంది.

ఆ గరుకును తగ్గించడానికి కంప్యూటరులో ఫిల్టర్లుంటాయి. ఎక్కువ నునుపు చేస్తే గారెలు చూడముచ్చటగా వస్తాయి, చిన్న కాటు ఒకటుంటే అదీ పూడుకుపోతుంది. తక్కువ చేస్తే ప్రతి గారే ఎలక కొరికినట్టుంటుంది. ఎంత చెయ్యాలి? 'బాగా కనిపిస్తోంది' అన్నది జవాబు కాదు. ఈ రంగంలో గట్టిగా పాతుకున్న మాట ఒకటుంది: బొమ్మ ఎందుకు తీశారో ఆ పనికి ఎంత ఉపయోగపడిందో అంతే దాని నాణ్యత. గుండె స్కాన్ విషయంలో ఆ పని కాటు ఉందో లేదో చెప్పడం. చెప్పేది డాక్టరు. కాబట్టి కొలవాల్సింది బొమ్మను ఒక్కదాన్నే కాదు, బొమ్మా దాన్ని చూసే కన్నూ కలిసిన జతను.

ఆ కన్ను ఎంత నిలకడ లేనిదో 1947లోనే బయటపడింది. అమెరికాలో క్షయను పట్టడానికి ఏ రకం ఎక్స్‌రే మేలో తేల్చాలని 1,256 మంది ఛాతీలను నాలుగు పద్ధతుల్లో తీసి ఐదుగురు డాక్టర్లకు చూపించారు. పద్ధతికీ పద్ధతికీ మధ్య తేడా కంటే డాక్టరుకూ డాక్టరుకూ మధ్య తేడా ఎక్కువ తేలింది. అదే డాక్టరు అదే ఫిల్ము రెండోసారి చూసి మాట మార్చిన సందర్భాలూ తక్కువ కాదు. నాలుగు తక్కెళ్లను పోల్చబోతే తూచేవాళ్ల చేతులే వణికాయన్నమాట.

ఈ వణుకును లెక్కలోకి తెచ్చే మార్గం రాడార్ మనుషుల దగ్గర దొరికింది. తెర మీద చుక్క విమానమా, ఉత్త గరుకా అన్నది వాళ్ల తలనొప్పి. ప్రతిదానికీ 'విమానమే' అనేవాడు ఒక్క విమానాన్నీ వదలడు, కానీ ఊరంతా సైరన్లే. అందుకని పట్టినవెన్నో, ఉత్తుత్తి కేకలెన్నో రెండూ కలిపి గీసే గీత ఒకటి పుట్టింది, ఆర్‌ఓసీ వక్రరేఖ. దాన్ని వైద్యానికి తెచ్చినవాడు లీ లస్టెడ్. ఎక్స్‌రే గదుల్లో స్థిరపరిచినవాడు షికాగో విశ్వవిద్యాలయపు చార్లెస్ మెట్జ్. ఆ గీత కింద వైశాల్యానికి తేలికైన అర్థం ఉంది. జబ్బున్న బొమ్మ ఒకటి, లేనిది ఒకటి పక్కపక్కన పెట్టి ఏది జబ్బుదో చెప్పమంటే, నూటికి ఎన్నిసార్లు సరిగ్గా చూపిస్తారు? 85 సార్లయితే 0.85. బొమ్మాబొరుసూ వేసి చెప్పేవాడికి 0.5.

అయితే డాక్టర్లనే కూర్చోబెట్టి కొలిస్తే పోదా? మోతాదులు మూడు, ఫిల్టర్లు ఐదు, బొమ్మను కట్టే పద్ధతిలో మెట్లు నాలుగు అనుకుందాం. అరవై రకాలు. ఒక్కో రకానికి రెండు వందల బొమ్మలు చాలనుకున్నా పన్నెండు వేలు. చీకటి గదిలో కూర్చుని ఒక్కొక్కదానికీ మార్కు వెయ్యాలి. ఓపీ చూసుకునే డాక్టరెవరూ అందుకు కూర్చోరు, కూర్చున్నా వెయ్యో బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆ కన్ను మొదటి కన్ను కాదు.

కనుక లెక్క కన్ను. అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో హారిసన్ బారెట్, ఆయన శిష్యులూ 1980ల నుంచి దీన్ని కట్టుకుంటూ వచ్చారు. మొదటి రూపం పేరు హోటలింగ్ పరిశీలకుడు. హోటలింగ్ అమెరికా గణాంకవేత్త. ఆయన 1931లో కట్టిన సూత్రమూ, మహలనోబిస్ దూరమూ లోపల ఒకటే. పద్ధతి ఇది: కాటున్న బొమ్మలొక గుంపు, లేనివొక గుంపు. గుంపుల సగటుల మధ్య తేడా ఎంత, గుంపు లోపల సహజమైన అటూఇటూ ఎంత, దానితో దీన్ని తూచితే దూరం ఎంత? దూరం పెద్దదైతే ఆ ఫిల్టరు, ఆ మోతాదు మంచివి. జెబెల్ మోయా పుర్రెల స్థానంలో గారెలు కూర్చున్నాయి. మిగతాదంతా అదే.

అయితే పుర్రెకు పది ఇరవై కొలతలు చాలు, ఈ బొమ్మకు 4,096 చుక్కలు. ప్రతి చుక్కా మిగతా ప్రతి చుక్కతో ఎలా కలిసి ఊగుతుందో పట్టిక వెయ్యాలంటే కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు గడులు. చేతిలో ఉన్నవి కొన్ని వందల బొమ్మలు. కొలతలు పెంచుకుంటూ పోతే తేడా తేటపడాల్సింది పోయి మసకబారే ప్రమాదం ఉందని రావు గారు ఎప్పుడో చూపించారు. విడివిడిగా చూస్తే స్పష్టంగా తేడా చూపే కొలతలు, కలిపి పరీక్షిస్తే తేడా లేదన్నట్టు తేలవచ్చు. గణాంకాల పుస్తకాల్లో దానికి రావు పారడాక్స్ అని పేరు.

దీనికి దారి చూపింది లెక్క కాదు, కన్నే. హ్యూబెల్, వీజెల్‌లు పిల్లుల మెదడులో చూపు కణాలను పరిశీలించి 1981లో నోబెల్ అందుకున్నారు. ఒక్కో కణం ఒక్కో తరహా గీతకే పలుకుతుంది. మనిషి చూపు కూడా బొమ్మను చుక్క చుక్కగా కాక, సన్నని జరీ, మధ్యరకం, ముతక నేత అంటూ కొన్ని జల్లెళ్లలో పోసి చూస్తుందని అప్పటికే ప్రయోగాలు చెబుతున్నాయి. 1987లో కైల్ మయర్స్, బారెట్ ఆ జల్లెళ్లను లెక్క కంటికి తగిలించారు. 4,096 చుక్కలు పోయి నాలుగో ఆరో అంకెలు మిగిలాయి. ఆరైతే పట్టికలో వేర్వేరు గడులు 21. వందల బొమ్మలతో హాయిగా నింపొచ్చు.

అసలు విశేషం దాని తర్వాతిది. జల్లెళ్లు పెట్టాక లెక్క కన్ను బలహీనపడింది. స్కాన్ బొమ్మల్లోని ఒకదానితో ఒకటి ముడిపడ్డ గరుకును మనిషి విప్పుకోలేడు. జల్లెళ్లు లేని లెక్క కన్ను విప్పేసుకునేది, అందుకే మనిషికి అందనంత గొప్పగా చూసేది. జల్లెళ్లు తగిలించాక అది కూడా మనిషి చిక్కుకున్న చోటే చిక్కుకుంది. ఇంజనీరింగులో ఇలాంటి ఘట్టాలు అరుదు. యంత్రం ప్రతిభ తగ్గినందుకు ప్రయోగశాలలో పండగ.

గుండె స్కాన్‌కు దీన్ని పట్టుకొచ్చినవాళ్లలో నార్త్ కరోలినా, తర్వాత జాన్స్ హాప్‌కిన్స్‌లో పనిచేసిన బెంజమిన్ సుయి, ఎరిక్ ఫ్రే ముఖ్యులు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ కింగ్ బృందం ఇంకో పక్క. కంప్యూటరులో కట్టిన నమూనా మొండెంలో గుండె పెట్టి, గోడకు తమకు కావాల్సిన చోట కాటు పెట్టి, కిరణాలు ఎలా చెదురుతాయో లెక్కగట్టి వందల బొమ్మలు పుట్టిస్తారు. కాటు తామే పెట్టారు కాబట్టి జవాబు తమకు తెలుసు. నిజం రోగిలో ఆ భాగ్యం లేదు. అలాగే షికాగోలోని ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో యోవాన్ బ్రాంకోవ్, మైల్స్ వెర్నిక్ బృందం 2009లో ఇంకో మెట్టెక్కి, మనుషులు వేసిన మార్కులు చూపించి వాళ్లలా మార్కులు వెయ్యడం యంత్రానికే నేర్పింది. లెక్క కట్టడం కాదు, శిష్యరికం.

ఇదంతా పుస్తకాల గొడవ అనుకోకుండా ఉండటానికి 2023 నాటి ఒక పని చూస్తే చాలు. అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అభినవ్ ఝా బృందం తక్కువ మోతాదు గుండె స్కాన్‌లను కృత్రిమ మేధతో శుభ్రం చేసి చూసింది. మామూలు కొలబద్దల ప్రకారం, అంటే అసలు బొమ్మకు ఎంత దగ్గరగా వచ్చిందన్న అంకెల ప్రకారం, బొమ్మలు బ్రహ్మాండంగా మెరుగయ్యాయి. లెక్క కంటికి చూపిస్తే కాటు కనిపెట్టడం ఏమీ మెరుగుపడలేదు. గరుకుతో పాటు కాటునూ తుడిచేసింది ఆ మేధ. ఫోన్ కెమెరా మొహం మీద మొటిమ తీసేసినట్టు. ఇలాంటి శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ అమ్మకానికి వచ్చినవాళ్లు చూపించే ముందూ-వెనకా బొమ్మలను ఆసుపత్రులవాళ్లు ఏ అంకె అడక్కుండా మెచ్చుకోవడం ప్రమాదకరం.

లెక్క కంటికి లోటుపాట్లు లేకపోలేదు. కాటు ఎక్కడ ఉండొచ్చో దానికి ముందే చెప్పేస్తారు. డాక్టరు మొత్తం గారెలన్నీ వెతుక్కోవాలి. ఇంకోటి మనకు మరీ దగ్గరిది. ఈ నమూనా మొండేలు ఎక్కువగా అమెరికా శరీరాల నుంచి కట్టినవి. గుండె గోడ మందం సుమారు సెంటీమీటరు, కెమెరా విడదీసి చూడగలిగేదీ దాదాపు అంతే. గుండె చిన్నదైన కొద్దీ చిల్లు పూడుకుపోయి గారె కాస్తా బొండా అవుతుంది. చిన్నపాటి ఆడమనిషి గుండెలో ఇది రోజూ చూసే ఇబ్బందే. పెద్ద గుండె మీద మేలని తేలిన ఫిల్టరు దివిసీమ నుంచి వచ్చిన నలభై అయిదు కిలోల మనిషికి కూడా మేలేనని ఎవరూ హామీ ఇవ్వలేరు. 1941లో, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో వేల మందిని కొలిచిన కొలతల మీద మహలనోబిస్, మజుందార్‌లతో కలిసి రావు గారు 1949లో నివేదిక అచ్చు వేశారు. పరాయి దేశం కొలతలతో సరిపెట్టుకోలేదు.

ఆ పని ఇక్కడి గుండెలకు చెయ్యాలంటే కావాల్సింది పెద్ద ఖర్చేమీ కాదు. జబ్బు లేదని తేలిన కొన్ని వందల స్కాన్‌లు పేర్లు తీసేసి దాచాలి. వాటి మీద కంప్యూటరులో కాట్లు పెట్టాలి. వాటిని ఇక్కడి డాక్టర్లు ఇద్దరు ముగ్గురికి చూపించి మార్కులు వేయించాలి. మూడు వారాలాగి, వరస కలిపేసి, చెప్పకుండా అవే బొమ్మలు మళ్లీ చూపించాలి. మొదటిసారి 'ఉంది' అన్నవాటిలో కొన్నింటికి ఈసారి అదే డాక్టరు 'లేదు' అంటాడు. ఎన్నింటికి అన్నాడో లెక్కపెట్టి, సరిగ్గా అంత తడబాటునూ తెచ్చి లెక్క కంట్లో కలుపుతారు.